కారుకీ ఓ గది కావాలి!

ఇల్లు కట్టేటప్పుడు పూజగదికి కొలతలుంటాయి. వంటింటికి లెక్కలుంటాయి. కారుకి మాత్రం మిగిలిన స్థలమే దిక్కు. గృహప్రవేశం అయ్యాక అసలు కథ అక్కడే మొదలవుతుంది!

కొత్త ఇల్లు, కొత్త కారు. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలంతా మెట్ల మీద నిలబడి చూస్తున్నారు. చక్రాలతో నిమ్మకాయలు తొక్కించి ఇంటాయన కారుని గేటులోకి తిప్పాడు. ముందు చక్రాలు ర్యాంపు ఎక్కాయో లేదో కింద ఏదో గీసుకున్న చప్పుడు. ‘ఏం కాదులే రానీ బావా... కుడికి... ఇంకొంచెం కుడికి... ఆగాగు!’ అనేలోపే ఎడమవైపు అద్దం గేటు దిమ్మెకి తగిలింది. ఎలాగోలా లోపలికి వచ్చింది. ఇక దిగాలి కదా... తలుపు తీస్తే జానెడు తెరుచుకుని పిల్లరుకి కొట్టుకుంది. చివరికి పక్క సీటులోకి జరిగి, అటునుంచి దిగాల్సి వచ్చింది. చుట్టాలు నవ్వారు. ఆయనకి మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే పిల్లరుని జరపడం ఇక ఎవరి తరమూ కాదు!

ఏ కాలనీలో అడిగినా ఇలాంటి కథ ఒకటి వినిపిస్తుంది. లక్షలు పోసి కట్టిన ఇంటి ముందు కారు రోడ్డు మీద ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ ఉంటుంది. లోపలున్న పార్కింగులో పాత సోఫా, మిగిలిపోయిన టైల్సు, పిల్లల సైకిళ్లు ఉంటాయి. తప్పు కారుది కాదు. ప్లాను గీసేరోజున దాని గురించి ఎవరూ గట్టిగా ఆలోచించకపోవడమే!

మనకది మెకానిక్ షెడ్డు

గ్యారేజీ అనగానే మనకి గుర్తొచ్చేది నల్లటి నూనె మరకలూ స్పానర్ల చప్పుడూ. కానీ ఆ మాటకి మూలం ఫ్రెంచి భాష. భద్రంగా ఓ చోట ఉంచడం అని దాని అర్థం. అమెరికాలో ఇంటికి ఆనుకుని తలుపుతో సహా ఉండే కారు గదినే గ్యారేజీ అంటారు. అక్కడ అది కారుకే పరిమితం కాదు. హ్యూలెట్, ప్యాకర్డ్ అనే ఇద్దరు మిత్రులు 1939లో కంపెనీ పెట్టింది పాలో ఆల్టోలోని ఓ ఇంటి గ్యారేజీలోనే. 1998లో గూగుల్ తొలి అడుగులు వేసిందీ మెన్లో పార్కులోని ఓ గ్యారేజీలోనే.

మన దగ్గర ఆ గదికి రకరకాల పేర్లు. ఇంటి ముందు శ్లాబు వేస్తే పోర్టికో. పక్కన రేకులు వేస్తే కారు షెడ్డు. ఇంటిని మొత్తం స్తంభాల మీద లేపి కింద ఖాళీ ఉంచితే స్టిల్టు. పేరేదైనా అది కూడా ఇంట్లో ఓ గదే. మిగతా గదులకు వేసుకున్నట్లే దానికీ లెక్కలు వేసుకోవాలి.

నాలుగున్నర అడుగుల తేడా

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. మధ్యతరగతి ఇంటికి కారుని తెచ్చింది అదే. దాని పొడవు 10 అడుగుల 11 అంగుళాలు. వెడల్పు 4 అడుగుల 9 అంగుళాలు. ఆ రోజుల్లో కట్టిన ఇళ్లలో పోర్టికోలన్నీ దాదాపు ఆ కొలతకి తగ్గట్టే ఉండేవి. 2014లో ఆ కారు తయారీ ఆగిపోయింది. దానికన్నా పెద్దదైన అంబాసిడర్ కూడా అదే ఏడాది సెలవు తీసుకుంది.

ఆ తరవాత వచ్చిన కార్లు ఒళ్లు చేశాయి! స్విఫ్టు పొడవు 12 అడుగుల 8 అంగుళాలు. క్రెటా 14 అడుగులు దాటింది. ఇన్నోవా క్రిస్టా అయితే పదిహేనున్నర అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. అంటే మారుతి 800కీ దీనికీ మధ్య తేడా నాలుగున్నర అడుగులకు పైనే. పైగా కంపెనీలు చెప్పే వెడల్పులో పక్క అద్దాలు కలవవు. వాటికి రెండువైపులా కలిపి మరో అడుగు వేసుకోవాలి.

ఇల్లు కనీసం నలభై ఏళ్లుంటుంది. ఆ లోపు నాలుగైదు కార్లు మారతాయి. అందుకే ఇవాళ ఉన్న కారుకి కాక, రేపు కొనబోయే కారుకి కొలత తీసుకోవాలి. ఒక్క కారుకి లోపలి కొలత 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు తప్పనిసరి. రెండువైపులా తలుపులు హాయిగా తెరుచుకుని, డిక్కీ తీసి సామాను దించుకోవాలంటే 12కి 20 ఉండాలి. రెండు కార్లు పక్కపక్కన పెట్టాలంటే వెడల్పు 18 నుంచి 20 అడుగులు. నేల నుంచి బీము అడుగు వరకూ ఎత్తు 8 అడుగులకు తగ్గకూడదు. తొమ్మిదైతే గాలీ వెలుతురూ బాగా ఉంటాయి. కారు పైన సామాను కట్టుకుని ఊరెళ్లేవాళ్లకి ఆ అడుగు విలువ తెలుస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్లుంటే మరో లెక్క కూడా ఉంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ కారు దిగాలంటే తలుపు పూర్తిగా తెరుచుకోవాలి. పక్కన ఇంకొకరు నిలబడి చెయ్యి అందించాలి. చక్రాల కుర్చీ అవసరమైతే ఓ వైపు కనీసం నాలుగు అడుగులు ఖాళీ కావాలి.

ముగ్గు పోసినరోజే చూసుకోవాలి

పునాది తీసేముందు మేస్త్రీ స్థలంలో ముగ్గు పోస్తాడు. పిల్లర్లు ఎక్కడొస్తాయో, గోడలు ఎక్కడొస్తాయో ఆ తెల్లగీతల్లో కనిపిస్తాయి. కారుకి పరీక్ష పెట్టాల్సింది ఆ రోజే. సొంత కారు లేకపోతే తెలిసినవాళ్లదైనా తెచ్చి ఆ గీతల మధ్య నిలబెట్టి చూడాలి. నాలుగు తలుపులూ తీయాలి. డిక్కీ ఎత్తాలి. వెనక్కి తీసి మళ్లీ లోపలికి తేవాలి. ఓ గంట పని. తేడా ఉంటే ముగ్గు చెరిపి మళ్లీ పోసుకోవచ్చు. కాంక్రీటు పోశాక చెరపలేం కదా!

నిజానికి పార్కింగులో పిల్లర్లతోనే పెద్ద చిక్కు. పైన హాలు, పడగ్గదులు ఎక్కడ రావాలో చూసుకుని వాటిని పెడతారు. అవే కిందికి దిగి సరిగ్గా కారు తలుపు తెరిచే చోట నిలబడతాయి. కాబట్టి ఇంజినీరుకి మొదటిరోజే చెప్పాలి... ‘కారు ఇక్కడ, దీన్ని తప్పించి పిల్లర్లు వేయండి’ అని. తరవాత పిల్లరు అంచుని కొంచెం చెక్కించుకుందాంలే అనుకుంటే అంతకన్నా ప్రమాదం లేదు. పైన పొర రాలిందంటే లోపలి ఇనుముకి రక్షణ పోయినట్లే.

ఇక వాస్తు. కారు షెడ్డుకి వాయవ్యం మంచిదనీ, అది కుదరకపోతే ఆగ్నేయమనీ, ఈశాన్యంలో బరువు వద్దనీ వాస్తు చెప్పేవాళ్లు అంటారు. పట్టింపు ఉన్నవాళ్లు ప్లాను గీయించేటప్పుడే తేల్చుకుంటే మంచిది. కట్టాక గేటుని ఈ మూలనుంచి ఆ మూలకి మార్చడంలో అయ్యే ఖర్చు అంతాఇంతా కాదు.

గేటు, ర్యాంపు... రెండూ రెండే!

ఎదురుగా రోడ్డు ఎంత వెడల్పో చూడకుండా గేటు కొలత చెప్పకూడదు. 40 అడుగుల రోడ్డు మీద నుంచి 10 అడుగుల గేటులోకి కారు తేలిగ్గా తిరుగుతుంది. 20 అడుగుల రోడ్డయితే, అందులోనూ ఎదురింటి వాళ్ల కారు బయటే ఉంటే, 12 అడుగులున్నా రెండుమూడుసార్లు ముందుకీ వెనక్కీ తీయాల్సిందే. లోపలికి తెరుచుకునే గేటయితే ఒక్కో రెక్కకీ ఐదారు అడుగుల చోటు పోతుంది. కారు లోపలికొచ్చాక గేటు వేయలేని ఇళ్లెన్నో! పక్కకి జరిగే గేటు పెడితే ఆ బాధ ఉండదు. కానీ దానికి గోడ పొడవునా ఖాళీ ఉండాలి. పట్టాల చివర గట్టి ఇనుప అడ్డు ఉండాలి. లేకపోతే పట్టా దాటి గేటే మీద పడుతుంది. బరువైన గేటు కిందపడి పిల్లలు ప్రాణాలు కోల్పోయిన సంఘటనలు మన దగ్గరే జరిగాయి.

ర్యాంపుది మరో కథ. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తపొర వేయడంతో రోడ్లు ఎత్తు పెరుగుతున్నాయి. నీళ్లు ఇంట్లోకొస్తాయన్న భయంతో అందరూ ముందుగానే రెండు మూడు అడుగులు ఎత్తు లేపుతున్నారు. మరి కారు ఆ ఎత్తు ఎక్కాలి కదా! ప్రతి అడుగు ఎత్తుకీ 8 అడుగుల పొడవు వాలు ఉంటే కారు హాయిగా ఎక్కుతుంది. అంటే రెండడుగుల ఎత్తుకి 16 అడుగుల ర్యాంపు కావాలి. గేటుకీ ఇంటికీ మధ్య అంత చోటు ఎక్కడిది? దాంతో ర్యాంపు గేటు దాటి, కాలువ మీదుగా రోడ్డెక్కుతుంది. కాలువ మూసుకుపోతుంది. నడిచేవాళ్లకి దారి ఉండదు. పక్కింటివాళ్లతో గొడవ. ఓ రోజు మున్సిపాలిటీవాళ్లు వచ్చి పగలగొట్టి వెళ్తారు.

దీనికి తేలికైన మార్గం ఒకటుంది. ఇంటి నేలనీ కారు నేలనీ ఒకే మట్టంలో ఉంచాలన్న నియమం ఏమీ లేదు. ఇంటిని మూడడుగులు లేపినా కారు నిలిపే చోటుని రోడ్డుకన్నా ముప్పావు అడుగు ఎత్తులో ఉంచితే ఆరడుగుల వాలు చాలు. అది గేటు లోపలే సరిపోతుంది. అక్కడినుంచి ఇంట్లోకి నాలుగు మెట్లు కట్టుకోవచ్చు. వాలు మొదలయ్యే చోటా ముగిసే చోటా కోణం ఒక్కసారిగా మారకుండా నున్నగా కలపాలి. స్విఫ్టు లాంటి కారుకి నేలకీ అడుగుభాగానికీ మధ్య ఉండేది ఆరున్నర అంగుళాల లోపే. ఐదుగురు ఎక్కితే అదీ తగ్గుతుంది.

నీళ్లొస్తే...

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో కురిసిన కుంభవృష్టి గుర్తుందా? సెల్లార్లు చెరువులయ్యాయి. కార్లు కాగితం పడవల్లా తేలాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచేసినప్పుడు ఇళ్ల కింద పెట్టిన కార్లూ బైకులూ రోజుల తరబడి నీళ్లలో నానాయి. నీళ్లు తగ్గాక ఆత్రంగా తాళం తిప్పినవాళ్లు మరింత నష్టపోయారు. ఇంజిన్లోకి నీరు వెళ్లి ఉంటే స్టార్టు చేయగానే లోపలి భాగాలు వంగిపోతాయి. మామూలు బీమాలో ఆ నష్టానికి సాధారణంగా పరిహారం రాదు. ఇంజిన్ రక్షణ పేరుతో విడిగా తీసుకుంటేనే వస్తుంది. నీళ్లలో మునిగిన కారుని స్టార్టు చేయకుండా లాక్కెళ్లి మెకానిక్‌కి చూపించడమే మార్గం.

అందుకే స్థలం కొన్నప్పుడే ఇరుగుపొరుగుని అడగాలి, పెద్ద వానకి ఇక్కడ నీళ్లు ఎంతవరకూ వచ్చాయని. పల్లపు ప్రాంతమైతే సెల్లారు ఆలోచన మానుకోవడమే మేలు. కారు నేల కూడా గేటువైపు వాలి ఉండాలి. వంద అడుగులకి ఒక అడుగు చొప్పున వాలు చాలు. 18 అడుగుల పార్కింగుకి అది రెండు అంగుళాల పైచిలుకు. గేటు దగ్గర అడ్డంగా జాలీ మూతతో చిన్న కాలువ పెడితే రోడ్డు మీది నీళ్లు లోపలికి రావు. శ్లాబు మీద పడిన వాననీటిని గొట్టంతో ఇంకుడుగుంతలోకి మళ్లించొచ్చు. కారు కడిగిన నూనె నీళ్లని మాత్రం అందులోకి వదలకూడదు.

నేలకి ఏం వేయాలన్నదీ ముఖ్యమే. ఇంట్లో వేసే నున్నటి టైల్సు వేస్తే తడి చక్రం జారుతుంది, మనిషీ జారతాడు. గరుకుగా ఉండే పార్కింగ్ టైల్సు, తాండూరు, బేతంచెర్ల బండలు, గళ్ల టైల్సు... వీటిలో ఏదైనా ఫరవాలేదు. అయితే కింద మట్టిని తడిపి బాగా దిమ్మిస కొట్టి, కాంక్రీటు వేశాకే పరచాలి. లేదంటే మొదటి వానాకాలానికే చక్రాలు ఆగే చోట గుంటలు పడతాయి.

చక్రం కింద సంపు

మన ఇళ్లలో మరో అలవాటుంది. ఇంకెక్కడా చోటు లేదని నీళ్ల సంపుని కారు కిందే తవ్విస్తారు. ఒక్కోసారి సెప్టిక్ ట్యాంకు కూడా అక్కడే. ఇన్నోవా లాంటి కారు మనుషులు ఎక్కాక రెండు టన్నులు దాటుతుంది. అంటే ఒక్కో చక్రం మీద అర టన్నుకు పైనే. మనుషులు నడవడానికి వేసిన పలుచటి శ్లాబు ఆ బరువుని ఎన్నాళ్లో మోయలేదు. సంపు పైకప్పుని కారు బరువుకి తగ్గట్టు ఇంజినీరు చేతే లెక్క కట్టించాలి. మూత చక్రాల దారిలో రాకుండా పక్కకి పెట్టాలి. ఓ అంగుళం ఎత్తు గట్టు ఉంటే నూనె చుక్కలూ కడిగిన నీళ్లూ తాగేనీటిలో కలవవు. ఆ మూతకి తాళం ఉండాలి. పిల్లలున్న ఇంట్లో ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

ఇంటికి అవే కాళ్లు

2001 జనవరి 26న గుజరాత్‌లోని భుజ్ ప్రాంతంలో భూకంపం వచ్చింది. అక్కడికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్లు కూలిపోయాయి. వాటిలో ఎక్కువ కింద కార్ల కోసం ఖాళీగా వదిలి, స్తంభాల మీద నిలబెట్టినవే. పై అంతస్తుల్లో ఇటుక గోడలుంటాయి కాబట్టి అవన్నీ ఒకే పెట్టెలా బిగుసుకుని ఉంటాయి. కింద గోడల్లేవు. భూమి కదిలినప్పుడు ఊగిసలాటంతా ఆ స్తంభాల మీదే పడుతుంది. పైన బరువైన పెట్టె, కింద సన్నటి కాళ్లు... ఫలితం ఊహించుకోవచ్చు.

ఆ అనుభవం తరవాత 2002లో సవరించిన భారత ప్రమాణం ఐఎస్ 1893, ఇలాంటి ఖాళీ అంతస్తులో స్తంభాలనీ బీములనీ మామూలు లెక్కకి రెండున్నర రెట్ల బలానికి తగ్గట్టు కట్టాలని చెప్పింది. 2016 సవరణ ఇంకో అడుగు వేసి, కింది అంతస్తులో కాంక్రీటు గోడల్లాంటివి ఉండాలంది. మన దగ్గర భూకంపాలెక్కడివి అనుకోనక్కర్లేదు. 1969లో భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో వచ్చిన 5.3 తీవ్రత ప్రకంపనలు హైదరాబాద్ దాకా తెలిశాయి. కాబట్టి రెండొందల గజాల్లో స్టిల్టు వేసి పైన రెండు మూడు అంతస్తులు కట్టుకునేవాళ్లు, ‘మేస్త్రీకి అన్నీ తెలుసులే’ అనుకోకుండా స్ట్రక్చరల్ ఇంజినీరుతో డిజైను చేయించుకోవాలి. ఇంటి మొత్తం ఖర్చులో ఆ ఫీజు చాలా చిన్నది.

అనుమతుల సంగతీ అంతే. ప్లాటు సైజునీ ఇంటి ఎత్తునీ బట్టి చుట్టూ ఎంత ఖాళీ వదలాలో భవన నిబంధనల్లో ఉంటుంది. ఆ ఖాళీలో తరవాత రేకుల షెడ్డు వేసుకుంటే అది ఉల్లంఘన కిందకే రావచ్చు. పార్కింగుగా చూపించిన చోట గదులు కట్టి అద్దెకివ్వడమూ తప్పే. కారు చోటు మంజూరైన ప్లానులోనే కనిపించాలి.

గోడకో ప్లగ్గు

ఇవాళ పెట్రోలు కారే ఉండొచ్చు. రేపు కరెంటు కారు రావచ్చు. 16 ఆంపియర్ల మామూలు ప్లగ్గుతో గంటకి మూడు యూనిట్ల పైచిలుకు ఎక్కుతుంది. 30 యూనిట్ల బ్యాటరీ నిండాలంటే తొమ్మిది పది గంటలు, అంటే రాత్రంతా. గోడకి బిగించే 7 కిలోవాట్ల ఛార్జరయితే ఆ సమయం సగానికి తగ్గుతుంది. దానికి మీటరు నుంచి విడిగా లావుపాటి రాగి తీగ, సొంత ఎంసీబీ, షాక్ కొట్టకుండా ఆపే ఆర్‌సీసీబీ, మంచి ఎర్తింగు కావాలి. ఇప్పుడే అవన్నీ కొనక్కర్లేదు. గోడ కట్టేటప్పుడు మీటరు బోర్డు నుంచి కారు దగ్గరికి ఓ ఖాళీ గొట్టం వేసి ఉంచితే చాలు. రేపు గోడలు పగలగొట్టే పని తప్పుతుంది.

కరెంటు స్కూటరున్నవాళ్లకీ ఈ చోటు అవసరమే. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంట్లో ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. బ్యాటరీని పడగ్గదిలో కాకుండా గాలి ఆడే పార్కింగులో, మెట్లకీ గుమ్మానికీ దూరంగా ఛార్జింగు పెట్టుకోవాలి. గ్యాస్ సిలిండరూ పెట్రోలు డబ్బాలూ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. ఆ ఆవిర్లు గాలికన్నా బరువు. నేలబారున పేరుకుంటాయి.

దొంగల భయంతో షట్టరు బిగించి గదిలా మూసేసేవాళ్లూ ఉన్నారు. అలాంటి చోట ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిలబడకూడదు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా లేవు. ఆక్సిజన్ కన్నా రెండొందల రెట్లకు పైగా బలంగా రక్తాన్ని పట్టుకుంటుంది. మనిషికి తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. షట్టరు వేసినా ఎదురెదురు గోడల్లో జాలీలు వదలాల్సిందే.

ప్లాను గీయించే ముందు...

* రేపు కొనబోయే కారు పొడవు, వెడల్పు రాసుకుని ఇంజినీరుకి ఇవ్వాలి.
* ఎదుటి రోడ్డు వెడల్పు, దాని ఎత్తు, పెద్ద వానకి వచ్చే నీటిమట్టం కనుక్కోవాలి.
* ర్యాంపు మొత్తం గేటు లోపలే ముగియాలి.
* సంపు, సెప్టిక్ ట్యాంకు చక్రాల దారిలో రాకుండా చూడాలి.
* ఛార్జరుకి ఖాళీ గొట్టం, రెండు దీపాలు, ఓ నీళ్ల కుళాయి గుర్తుపెట్టుకోవాలి.
* చెప్పులకీ సైకిళ్లకీ పాత సామానుకీ విడిగా చోటు చూపించాలి. లేకపోతే అవి కారు చోటులోకే వస్తాయి.

హారన్ కన్నా ముందు

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. 2023 మేలో హైదరాబాద్‌లోని ఓ అపార్ట్‌మెంటు పార్కింగులో నిద్రపోతున్న మూడేళ్ల పాప కారు కింద పడి చనిపోయింది. ఎండ భరించలేక తల్లి ఆ నీడలో పడుకోబెట్టింది. కారు నడిపే సీటులోంచి చూస్తే, ముందూ వెనకా నేలమీద ఉన్న చిన్నపిల్లలు కనిపించరు. పార్కింగంటే మనకి కారుది. పిల్లలకి మాత్రం అది నీడపట్టున ఉన్న ఆటస్థలం. కుక్కలకీ పిల్లులకీ వెచ్చటి పడక.

దీనికి గేటు దగ్గరా వెనక గోడ దగ్గరా రెండు మంచి దీపాలుండాలి. మనిషి కదలగానే వెలిగేవైతే మరీ మంచిది. మలుపులో గుండ్రటి అద్దం పెట్టుకోవాలి. ఇంట్లోంచి పిల్లలు నేరుగా కారు వెనక్కి పరిగెత్తకుండా మెట్ల దగ్గర నడుమెత్తు తలుపు బిగించుకోవాలి. ఖర్చు కొద్దిగానే అవుతుంది. వాటితోపాటు ఖర్చే లేని అలవాటొకటి... కారెక్కే ముందు ఓసారి చుట్టూ తిరిగి చూడటం!

నిజం చెప్పాలంటే కారు ఆ గదిలో ఉండేది కొన్ని గంటలే. అది ఆఫీసుకి వెళ్లిపోయాక ఆ చోటంతా ఇంటివాళ్లదే. వేసవిలో ఆవకాయ ముక్కలు కొట్టేది అక్కడే. అమ్మాయి పెళ్లికి పందిరి వేసేదీ వంటలు వండించేదీ అక్కడే. వినాయకచవితికి పత్రి సర్దేదీ, సాయంత్రం పిల్లలు క్రికెట్ ఆడేదీ, తాతగారు కుర్చీ వేసుకుని పేపరు చదివేదీ అక్కడే. కొలతలన్నీ సరిగ్గా కుదిరితే అది ఇంట్లో అందరికన్నా ఎక్కువమందికి పనికొచ్చే గది అవుతుంది. కుదరకపోతే రోజుకి రెండుసార్లు గీతలు పడుతూనే ఉంటాయి... కారు మీదా, మనసు మీదా!

కాబట్టి కొత్త ఇంటికి ముగ్గు పోసేరోజున పూజారితోపాటు కారునీ పిలవడం మర్చిపోకండి!